ట్యాంకు కాలి కడియం

నేను ఒక ఇనుప క్లాంపును. ఆ మాట నన్ను చేసిన వర్క్‌షాపువాళ్లది. నేను పనిచేసిన ఊరి ఆడవాళ్లు మాత్రం నన్ను కడియం అన్నారు. నాకు ఆ పేరే నచ్చింది. అయితే నన్ను తొడిగింది మనిషి కాలికి కాదు, నీళ్ల ట్యాంకు కాలికి. మీరు రోడ్డు మీద పోతూ తలెత్తినప్పుడు ట్యాంకు కనబడుతుంది. దాని నెత్తిన నిలబడిన గొట్టాలూ డబ్బాలూ కనబడతాయి. గాలికి, వానకి అవి అక్కడ ఎలా నిలబడ్డాయో ఎవరూ అడగరు. సిగ్నల్ వస్తోందా లేదా అని మాత్రమే అడుగుతారు. అందుకు నాకు కోపం లేదు. మంచి క్లాంపు గురించి ఎవరికీ ఆలోచన రాకూడదు. ఆలోచన వచ్చిందంటే ఏదో జారిందన్నమాట.

నా ఊరు గవ్వలదిబ్బ. ఉత్తరకోస్తాలో ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరు, మధ్యలో ఇసుక. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీరే పడుతుంది. తాగే నీరు ఎగువన మెట్ట పొలాల దగ్గర నుంచి పైపులో వచ్చి ట్యాంకు ఎక్కి, అక్కడి నుంచి కుళాయిల్లోకి దిగాలి. అందువల్ల ఆ ఊళ్లో ట్యాంకంటే భక్తి. ఆరు గుండ్రటి స్తంభాల మీద పెద్ద సిమెంటు గిన్నె. శ్రావణమాసంలో ఆడవాళ్లు ఆ స్తంభాలకు పసుపు రాసి దారం చుడతారు.

ట్యాంకును చూసుకునేవాడు గంగులు. స్నానం చేయకుండా నిచ్చెన మీద అడుగు పెట్టడు. ఇంకెవరైనా ఎక్కవలసి వస్తే కింద బకెట్లో నీళ్లు ఉంటాయి, కాళ్లు కడుక్కుని ఎక్కాలి. బూట్లతో ఎక్కబోయిన కాంట్రాక్టరును సగం నిచ్చెన నుంచి దింపేశాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నన్ను ఊరికి రప్పించింది గంగులు మరదలు ఎర్రమ్మ. అతని భార్య సింహాచలానికి సొంత చెల్లెలు. ఎర్రమ్మ భర్త ముత్యాలు బోటు మీద వేటకు వెళతాడు. ఆమె అన్న కొర్లయ్య కూడా అలాగే వెళ్లేవాడు. ఒక ఏడు గాలివాన వస్తోందన్న కబురు ఒడ్డుకు అందింది కానీ, అప్పటికే పడవలు లోపలికి వెళ్లిపోయాయి. ఊరంతా దిబ్బ ఎక్కి, పాత టైర్లూ చిరిగిన వలలూ కుప్పపోసి పొగ పెట్టారు. ఆడవాళ్లు చీరలు విప్పి పట్టుకుని ఊపారు. పొగ చూసినవాళ్లు తిరిగొచ్చారు. కొర్లయ్య పడవ చూడలేదు. కబురు ఊళ్లో ఉంది, మనిషి సముద్రంలో ఉన్నాడు, మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే ఎర్రమ్మ మనసులో గుచ్చుకుని ఉండిపోయింది.

తర్వాత కొన్నేళ్లకు మత్స్యకారుల సంఘానికి వైర్‌లెస్ సెట్టు వచ్చింది. పెద్దది తుఫాను షెల్టరులో, చిన్నవి బోట్లలో. ఏడో తరగతి చదివిన ఎర్రమ్మ ముందుకొచ్చి ఆ సెట్టు నడపడం నేర్చుకుంది. అయితే ఏంటెనా షెల్టరు డాబా మీద ఉండేది. బోటు కాస్త లోతుకు వెళ్లేసరికి మాట తెగిపోయేది. ఏంటెనా ఇంకా ఎత్తున ఉండాలి. ఊళ్లో ఎత్తయినది ఒక్కటే, ట్యాంకు.

ఇదంతా, దీని తర్వాత వచ్చిన తగవూ నేను పుట్టడానికి ముందు జరిగిన కథ. తర్వాత స్తంభం నీడలో గంగులు ఎంతోమందికి చెప్పగా పై నుంచి విన్నాను.

ఏంటెనా మార్చడానికి వచ్చిన ఇంజనీరు సన్యాసిరావు డ్రిల్లింగ్ మిషను తెచ్చి, కరెంటు వైరు లాగి, గిన్నె గోడకు గుర్తులు పెట్టించాడు. గంగులు వచ్చి ఆ వైరు మీద చాప వేసుకుని కూర్చున్నాడు.

"లేవండి పెద్దాయనా. నాలుగు బోల్టులే."

"నాలుగు బోల్టులంటే నాలుగు కన్నాలే గదా బాబూ. పక్కూర్లో మైకు కోసం ట్యాంకుకి కన్నాలెట్టినారు. ఆటిలోంచి ఉప్పుగాలి లోనకెల్లింది. లోపలున్న ఊచ తుప్పట్టి ఉబ్బింది. పెచ్చులూడిపోయి ఇప్పుడు ఆ ట్యాంకు కిందికి మేక కూడా ఎల్దు."

సన్యాసిరావు కాదనలేదు. ఆ ట్యాంకును ఆయనా చూశాడు. కానీ ఎర్రమ్మ ఊరుకోలేదు.

"నీ ట్యాంకుకి కన్నమెడితే నీల్లు కారతాయి బావా. నా మాట బోటుకి అందకపోతే మనిసే పోతాడు."

"నీల్లు లేకపోతే ఊరే పోద్ది మరదలా."

"నీల్లు తాగడానికి నీ తోడల్లుడు ఒడ్డుకి రావాల గదా."

"ఒచ్చినోడికి తాగడానికి నీల్లుండాల గదే."

ఒకరిది తప్పయితే తగవు తొందరగా తేలిపోతుంది. ఇద్దరిదీ నిజమైనప్పుడే చిక్కు. సన్యాసిరావు మిషను ప్లగ్గు తీయించి తానూ ఇసుకలో చతికిలబడ్డాడు. కన్నాలు వద్దనుకుంటే ఇంకో పద్ధతి ఉంది, గిన్నె మూత మీద ఇనుప చట్రం పెట్టి సిమెంటు దిమ్మలతో బరువు వేయాలి అన్నాడు. మూత పాతది, అంత బరువుకు ఆగదని గంగులు అన్నాడు. ఆ మాటా నిజమే.

"ఇంక మిగిలింది స్తంభానికి చుట్టూ పట్టీ వేసి బిగించడం. దానికి ఇనుప చెయ్యి పెట్టి, ఆ చేతికి గొట్టం నిలబెడితే గిన్నె పక్క నుంచి పైకి లేస్తుంది. ఒక్క కన్నం కూడా అక్కర్లేదు."

ఎర్రమ్మ స్తంభం వంక చూసింది. శ్రావణంలో చుట్టిన పసుపు దారాలు రంగు వెలిసి ఇంకా ఉన్నాయి.

"కట్టొచ్చా? అయితే ఇంతసేపూ కన్నాల గురించి దెబ్బలాడించినారేటి బాబూ?"

"అది రెడీగా దొరకదమ్మా. కొలత ఇచ్చి చేయించాలి. మా ఆఫీసు ద్వారా అయితే ఎప్పటికి వస్తుందో చెప్పలేను."

"మీ ఆఫీసు ఒద్దు. సేసేవోడు ఎక్కడుంటాడో సెప్పండి."

గంగులు వైరు మీది నుంచి లేచాడు. స్నానం చేసి, కొత్త పసుపు దారం పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. గిన్నెకు కాస్త కింద స్తంభం చుట్టూ దారం తిప్పి, కలిసిన చోట ముడి వేసి తెంపాడు. ఆ దారం కొంగున కట్టుకుని ఎర్రమ్మ విశాఖపట్నం బస్సెక్కింది.

నా పుట్టుక అక్కడ, ఒక రేకుల షెడ్డులో. మేస్త్రి పేరు కూర్మారావు. దారం చూసి ఆయనకు నవ్వొచ్చింది.

"టేపు దొరకలేదేటమ్మా?"

"మా స్తంభం అడుగున ఒకలాగుంటాది, పైన ఒకలాగుంటాది. ఇది పైన సుట్టి తెచ్చిన దారం. దీనికి సరిపోతే దానికి సరిపోతాది."

ఆయన ఇంక నవ్వలేదు. దారాన్ని బల్ల మీద పరిచి సుద్దముక్కతో గీత గీశాడు. అప్పటిదాకా నేను ఒక చదునైన పలకను. పొడుగ్గా పడుకుని ఉండడమే జీవితమనుకున్నాను. నన్ను కోశారు, వంచారు, రెండు అర్ధచంద్రాలుగా చేశారు. ఒక్కో అంచుకు చెవి అతికారు. ఆ చెవులకు బోల్టులు పట్టడానికి కన్నాలు పొడిచారు. స్తంభానికి పడవలసిన కన్నాలు నాకు పడ్డాయన్నమాట. నొప్పి సంగతి ఎందుకు గానీ, ఆ రోజు నా బతుకు దేనికో తెలిసింది. ఎవరో ఒకరు కన్నం పడనిస్తేనే ఇంకొకరు నిండుగా ఉంటారు.

రెండు ముక్కలనూ దారం కొలతకు చేసిన చెక్క అచ్చు చుట్టూ పెట్టి చూపించాడు కూర్మారావు. ఎర్రమ్మ మొహం చిన్నబోయింది.

"కలవలేదు. మధ్యలో సందుంది."

"కలవకూడదమ్మా. కలిసిపోతే ఇంక బిగించడానికేం ఉంటాది? సందుంటేనే పట్టు."

ఆ మాట నేను మరిచిపోలేదు. తర్వాత ట్యాంకు మీద నుంచి ఎన్నో కాపురాలు చూశాను. భార్యాభర్తలు ఒక్క ముక్కయిపోవాలని పెళ్లిలో దీవిస్తారు. ఎర్రమ్మా ముత్యాలూ ఒక్క ముక్క ఎప్పుడూ కాలేదు. వాళ్ల మధ్య సందు ఉండనే ఉంది. రోజూ దాన్ని ఇద్దరూ బిగించుకుంటూనే ఉండేవారు.

తుప్పు పట్టకుండా నాకు జింకు స్నానం చేయించారు. నాతో పాటే నా చెల్లెలినీ చేశారు. స్తంభానికి పైన నేను, కింద అది. ఇద్దరం కలిసి ఒక గొట్టాన్ని పట్టుకోవాలి.

మమ్మల్ని బిగించిన రోజు ఊరంతా వచ్చింది. సన్యాసిరావు చెప్పినట్టు ముందు స్తంభం చుట్టూ రబ్బరు పట్టీ వేశారు, సిమెంటును నేను కొరకకుండా. దాని మీద నన్ను తొడిగారు. గంగులు స్పానరుతో ఒక చెవి కొంచెం, ఇంకో చెవి కొంచెం మార్చి మార్చి తిప్పాడు. తిప్పినప్పుడల్లా స్పానరుతో నన్ను తట్టి చెవి ఆనించి వినేవాడు. మొదట గలగలలాడాను. చివరకు నాలో చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడు ఒంటిమీదికొచ్చింది" అన్నాడు.

షెల్టరులోంచి ఎర్రమ్మ మాట్లాడింది. గొట్టం గుండా ఆ వణుకు నాకు తగిలింది.

"ముత్యాలు బోటు, ముత్యాలు బోటు. నాను ఎర్రమ్మని. వినబడతందా?"

కాసేపు గరగర. తర్వాత చాలా దూరం నుంచి ఒక గొంతు.

"వినబడతంది. సముద్రంలో అయినా నీ నోరు లేకుండా ఉంటాననుకున్నాను. ఇంక ఆ సుకం కూడా పోయింది."

షెల్టరు నిండా నవ్వులు. ఎర్రమ్మ మాత్రం నవ్వలేదట. కొర్లయ్య గుర్తొచ్చి ఉంటాడని సింహాచలం అంది.

కొన్ని ఏళ్లు అలా గడిచాయి. గాలి కబుర్లు, చేపల కబుర్లు, ఇంజను ఆగిపోయిన కబుర్లు, ఒకరికి ఆడపిల్ల పుట్టిన కబురు కూడా నా పక్క నుంచే వెళ్లాయి. ఊరివాళ్లకు నా మీద ప్రేమ పెరిగింది. ఆడవాళ్లు స్తంభానికి దారం చుట్టేటప్పుడు పైకి చూసి నాకూ ఒక దండం పెట్టేవారు. దేవుళ్లకు పెట్టే దండంలో కొంత దారి తప్పి నా దగ్గరకు వస్తోందేమో అనిపించేది. ఇనుముకు దండం అవసరమా? నాకు తెలియదు. కానీ పెట్టేవాళ్లకు అవసరం కాబోలు.

ఆ భక్తి వల్లే ముప్పు వచ్చింది.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలం రెండు నెలలు వేట ఆపేస్తారు. అది ముగిసే ముందు బోట్లకు పూజ. బోటు ముక్కుకు, తెడ్డుకు, ఇంజనుకు పసుపు పూసి, కుంకం పెట్టి, బాగా నూనె పట్టిస్తారు. నూనె పట్టించిందేదీ సముద్రంలో మొండికెయ్యదని వాళ్ల నమ్మకం. కర్రకు, ఇంజనుకు అది మంచిదే. ఆ ఏడు బోట్ల పూజ అయ్యాక సింహాచలానికి ఒక ఆలోచన వచ్చింది.

"అన్నిటికీ పట్టించినాం. కడియాలకి పట్టించలేదు. అయి కూడా ఏటకెల్లినట్టే గదా."

అందరికీ ఆ మాట సబబుగా తోచింది. ఎర్రమ్మ కూడా తల ఊపింది. గంగులు స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, నువ్వుల నూనె గిన్నెతో పైకి వచ్చాడు. ముందు నా చెల్లెలికి, తర్వాత నాకు చుట్టూ ధారగా పోశాడు. చెవుల్లో, బోల్టుల్లో, రబ్బరుకూ స్తంభానికీ మధ్య కూడా దిగేటట్టు చేత్తో పులిమాడు.

"ఎండకీ వానకీ నిలబడుతున్నావు తల్లీ, ఒల్లు మెత్తబడనీ" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు హాయిగానే ఉంది. అంత ప్రేమతో పోస్తే ఎవరికి ఉండదు? గిన్నెలో మిగిలింది కూడా ఒంపేసి, చేతులు జోడించి దిగాడు. బోట్లు సముద్రంలోకి వెళ్లిపోయాయి.

రబ్బరు నూనె తాగింది. తాగి ఉబ్బింది, ఉబ్బి మెత్తబడి జిగురుజిగురుగా అయింది. నాకూ స్తంభానికీ మధ్య ఉన్న పట్టు రోజురోజుకీ వదులవుతోంది. పట్టుకోవాలన్న మనసు నాకు తగ్గలేదు. కానీ పట్టుకోవడానికి మనసొక్కటీ చాలదు, గరుకు కావాలి.

అల్పపీడనం పట్టిన రోజు గాలి గొట్టాన్ని అటూ ఇటూ నెట్టడం మొదలెట్టింది. నేను స్తంభం చుట్టూ కొంచెం తిరిగాను. తర్వాత కిందికి జారాను. నేను జారితే చెల్లెలూ జారింది. ఇద్దరం తడి నేల మీద కాలు జారినవాళ్లలా ఒకరినొకరు పట్టుకుని ఆగాం. ఆగేసరికి గొట్టం ఒరిగిపోయి, ఏంటెనా కొన గిన్నె కడుపు వెనక్కి చేరింది. సముద్రానికీ దానికీ మధ్య నీళ్లతో నిండిన సిమెంటు గోడ.

మధ్యాహ్నం షెల్టరు ఫోను మోగింది. గాలి అనుకున్నదానికంటే ముందే తీరం వైపు తిరిగింది, బోట్లన్నిటినీ వెంటనే వెనక్కి పిలవండి అని ఓడరేవు నుంచి చెప్పారు. ఎర్రమ్మ సెట్టు ముందు కూర్చుంది. ముత్యాలు బోటును పిలిచింది. తర్వాత ఒక్కో బోటు పేరూ పిలిచింది. గరగర తప్ప ఏమీ లేదు. ఆమె గొంతు నా దాకా వస్తోంది. నా దగ్గర నుంచి గోడకు కొట్టుకుని పడిపోతోంది. కబురు ఊళ్లో ఉంది, మనుషులు సముద్రంలో ఉన్నారు, మధ్యలో మళ్లీ ఏమీ లేదు.

ఆమె బయటికొచ్చి పైకి చూసింది. గంగులు అప్పటికే ట్యాంకు కింద నిలబడి ఉన్నాడు. స్తంభం మీద నల్లగా నూనె చార కిందికంటా దిగి ఉంది. అతని మొహం అదోలా అయిపోయింది.

"నూనె" అన్నాడు. "నా సేత్తో నానే..."

"నాను తలూపలేదేటి? అందరం కలిసే పోసినాం. తర్వాత తిట్టుకుందాం. స్పానరు తే."

"ఈ గాల్లో ఒక్కడి వల్ల అవదే. నాను విప్పుతుంటే గొట్టాన్ని ఎవులో ఒకలు పట్టుకోవాల."

"నానొస్తాను." ఎర్రమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెన పట్టుకుంది.

"ఆగు."

"ఏటి బావా, ఆడది ఎక్కకూడదంటావా ఇప్పుడు?"

"అది కాదే. కాల్లు కడుక్కో."

ఎర్రమ్మ అతని వంక చూసింది. బకెట్లోంచి నీళ్లు తీసుకుని కాళ్ల మీద పోసుకుని ఎక్కింది. ముప్పు ముంచుకొస్తుంటే కాళ్లు కడుక్కోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ చేతులు వణుకుతున్న మనిషికి, రోజూ చేసే పని ఒకటి చేశాక ఆ వణుకు తగ్గడం నా కళ్లతో చూశాను. గంగులు కూడా కడుక్కున్నాడు.

పైకి వచ్చి ముందు గొట్టాన్ని వల తాడుతో నిచ్చెనకు కట్టారు. ఎర్రమ్మ ఆ తాడును నడుముకు తిప్పుకుని వెనక్కి వాలింది. గంగులు నా బోల్టులు వదులు చేశాడు. ఉబ్బిన రబ్బరు చేపలా జారి కింద ఇసుకలో పడింది. స్తంభం మీద చెయ్యి పెడితే జారిపోతోంది.

"అక్కా, పొయ్యిలో బూడిద పంపు" అని కిందికి కేకేసింది ఎర్రమ్మ.

సింహాచలం బూడిద గంపను తాడుకు కట్టింది. గంగులు పిడికెడు పిడికెడు తీసి స్తంభానికి రుద్దాడు. ఎర్రమ్మ నడుముకు దోపిన తన కొంగు లాగి అందించింది. దానితో తుడిచి మళ్లీ బూడిద రుద్దాడు. నన్ను కూడా లోపలి వైపు తోమాడు. నా ఒంటి మీద పోసిన ప్రేమంతా అంట్ల గిన్నెకున్న జిడ్డు వదిలినట్టు వదిలింది. సిమెంటు మళ్లీ తెల్లగా, గరుకుగా కనబడింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"రబ్బరు లేదు. ఏటెయ్యాల?" అన్నాడు గంగులు.

"కొబ్బరి తాడు సుట్టు. బోటు లంగరు దానితోనే ఆగుతాది. ఇది ఆగదా?"

స్తంభం చుట్టూ కొబ్బరి తాడు వరసగా, సందు లేకుండా చుట్టారు. గొట్టాన్ని నిలువుగా లాగి, తాడు మీద నన్ను పాత చోటే పెట్టారు. వాన మొదలైంది. గంగులు పెదవులు కదులుతున్నాయి, చెయ్యి ఆగింది.

"దండాలు కిందికెల్లి పెట్టుకుందువు గానీ, తిప్పు బావా."

"నోటికీ సేతికీ సంబందం లేదులే. రెండూ నడుస్తన్నాయి" అన్నాడు. అని తిప్పాడు.

ఒక చెవి కొంచెం, ఇంకో చెవి కొంచెం. నా అంచులు కొబ్బరి పీచులో దిగాయి, పీచు సిమెంటులో దిగింది. తర్వాత నా చెల్లెలినీ అలాగే తోమి, చుట్టి, బిగించారు. గాలి వచ్చి గొట్టాన్ని తోసింది. నేను కదలలేదు. ఇంకోసారి తోసింది. ఈ స్తంభం ఉన్నంతవరకు నేను ఉంటాను, స్తంభం పడిపోతే దానితో పడతాను, అంతేగానీ జారను అనుకున్నాను. ఇనుము మొక్కుకోవచ్చో లేదో తెలియదు. నేను మాత్రం ఆ రోజు మొక్కుకున్నాను. గంగులు స్పానరుతో తట్టి, తడిసిన చెవి ఆనించి విన్నాడు.

"ఎల్లు. పిలు" అన్నాడు.

ఆమె మళ్లీ సెట్టు ముందు కూర్చుంది. తడి బట్టలతోనే.

"ముత్యాలు బోటు, ముత్యాలు బోటు. గాలి తిరిగింది. వలలు కోసేసి ఒచ్చేయండి. వినబడతందా?"

గరగర. మళ్లీ పిలిచింది. మళ్లీ గరగర. సింహాచలం గుమ్మంలో నిలబడి చెల్లెలి వీపు వంక చూస్తోంది. మూడోసారి పిలవబోతుంటే సెట్టు మాట్లాడింది.

"ఏటే, ఇంతసేపు ఎక్కడికెల్లిపోయినావు?"

ఎర్రమ్మ సెట్టు మీట నొక్కింది. "ట్యాంకెక్కినాను."

"మీ బావ ఎక్కనిచ్చినాడా?"

"కాల్లు కడుక్కున్నాను. నువ్వు కబుర్లాపి బోటు తిప్పు."

ఒక్కో బోటూ పలికింది. ఒక్క బోటు పలకలేదు, దాని సెట్టులో బ్యాటరీ అయిపోయింది. దాని దగ్గరలో ఉన్నవాడు ముత్యాలే. వెళ్లి కేక వేసి పిలుచుకొస్తానన్నాడు. ఎర్రమ్మ వద్దనలేదు. వద్దనడానికి నోరు తెరిచిందని, కొర్లయ్యను తలుచుకుని మూసిందని నేను అనుకుంటాను. "ఎల్లు. సెట్టు ఆపకు" అని మాత్రం అంది.

పొద్దు వాలేలోగా బోట్లన్నీ ఉప్పుటేట్లోకి వచ్చేశాయి. ఆఖరున ముత్యాలు బోటు వచ్చింది, వెనక ఆ బ్యాటరీ లేని బోటుతో. అతను ఒడ్డుకు దిగి, ట్యాంకు కుళాయి దగ్గరకు పోయి, దోసిలి పట్టి గుటగుటా నీళ్లు తాగాడు. గంగులు పక్కనే నిలబడి చూశాడు. ఎర్రమ్మ బావ వంక చూసింది. వైరు మీద కూర్చున్న నాటి తగవు అక్కడితో తీరింది.

గాలివాన వచ్చి రేకులు ఎగరగొట్టి, చెట్లు విరిచి వెళ్లింది. మనుషులందరూ మిగిలారు. మర్నాడు ట్యాంకు కింద పెద్ద చర్చ. కడియాలకు నూనె మానేస్తే అపచారం కాదా అని కొందరు ఆడవాళ్లు భయపడ్డారు. గంగులు కాసేపు విని, తన మాట తాను చెప్పాడు.

"మనకి ఇష్టమైంది పోసినాం. దానికి ఏటి కావాలో అడగలేదు. పసుపు స్తంభానికి రాయండి. కొబ్బరికాయ అడుగున కొట్టండి. నూనె బోటుకి పట్టించండి. దీనికి మాత్రం ఏడాదికోసారి కొత్త తాడు, స్పానరు. అదే పూజ."

అప్పటి నుంచి అదే ఆచారమైంది. బోట్ల పూజ రోజున గంగులు కాళ్లు కడుక్కుని పైకొచ్చి, తాడు మార్చి, బోల్టులు బిగించేవాడు. దేవుడికి మనం ఇచ్చేవాటిలో ఆయనకు కావలసినవి ఎన్ని, మనకు హాయిగా ఉండేవి ఎన్ని అని ఆ పైన కూర్చుని నేను చాలాసార్లు ఆలోచించాను. తేల్చుకోలేకపోయాను. కానీ ఏడాదికోసారి ఆ స్పానరు తిరిగినప్పుడు, నన్నెవరో నిజంగా పలకరించినట్టు ఉండేది.

కాలం ఎవరినీ బిగించి ఉంచదు. గంగులు పోయాడు. ఊరి బయట ఎత్తయిన ఇనుప టవరు లేచింది, వైర్‌లెస్ ఏంటెనా దాని మీదికి మారింది. తర్వాత కొత్త ట్యాంకు కట్టారు. పాతదాన్ని కూలగొట్టడానికి యంత్రం వచ్చింది. గొట్టాన్నీ నా చెల్లెలినీ ముందే విప్పి తీసుకుపోయారు. నా బోల్టులు ఉప్పుగాలికి బిగుసుకుపోయి స్పానరుకు లొంగలేదు. నన్ను వదిలేశారు.

ఆరు స్తంభాలూ వరసగా ఒరిగాయి. దుమ్ము తగ్గాక చూసుకుంటే నేను శిథిలాల్లో ఉన్నాను. నా పైన స్తంభం ముక్కలైంది. నా కింద ముక్కలైంది. నేను పట్టుకున్న మేర మాత్రం ఒక్క పగులు లేకుండా, గుండ్రంగా, తాడు చుట్టుకుని నా కౌగిలిలోనే ఉంది. మొక్కు చెల్లింది అనుకున్నాను.

పాత ఇనుము కొనేవాడు సమ్మెటతో వచ్చాడు. నన్ను విడగొట్టాలంటే లోపలి దిమ్మను పగలగొట్టాలి. అతను సమ్మెట ఎత్తేసరికి, తెల్లజుట్టు ముడి వేసుకున్న ఎర్రమ్మ వచ్చి ఆ దిమ్మ మీద కూర్చుంది. అచ్చం వైరు మీద బావ కూర్చున్నట్టే.

"లెగు మామ్మా, దెబ్బ తగుల్తాది."

"లెగను. దీన్ని నాకొదిలెయ్. నీకు మిగతా ఊచలు సాలవేటి?"

అతను తల గోక్కుని పక్క కుప్పకు వెళ్లిపోయాడు. ముత్యాలూ ఇంకో నలుగురూ నన్ను దిమ్మతో సహా వెదురు బొంగులకు కట్టి మోసుకుపోయారు. ఉప్పుటేటి ఒడ్డున గొయ్యి తీసి, చెవులు పైకుండేటట్టు సగం పాతారు. ఇప్పుడు నా చెవులకు బోట్ల తాళ్లు కడతారు. పోటు వచ్చినప్పుడు బోట్లు లాగుతాయి. నేను లాగనివ్వను.

మొన్న మళ్లీ బోట్ల పూజ జరిగింది. ఊరికి కొత్తగా వచ్చిన కోడలు ఒకామె నూనె గిన్నెతో బోటు ముక్కు నుంచి తెడ్డుకు, తెడ్డు నుంచి ఇంజనుకు తిరిగి, చివరకు నా దగ్గరకు వచ్చి గిన్నె వంచబోయింది. రేవు మెట్టు మీద కూర్చున్న ఎర్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"దానికొద్దమ్మా. అదింకా పనిలో ఉంది."